నవ్వొచ్చిన చోటే భయమేసింది
గ్రేడీ హెండ్రిక్స్ రాసిన దెయ్యాల నవల ‘హౌ టు సెల్ ఎ హాంటెడ్ హౌస్’ (2023)లో కామెడీ ఎక్కువై భయం పలచబడిపోయిందని ఓ వ్యాసంలో చదివాను. నాకు మాత్రం రివర్స్‌లో అనిపించింది. అమ్మానాన్నలు ఒక్కసారే పోతే, ఎప్పుడూ పడని లూయీజ్, మార్క్ సౌత్ కరోలినాలోని ఆ ఇంటి కోసం కొట్టుకుంటారు. ఇల్లంతా అమ్మ చేసిన తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలు, వాటి మధ్య పప్‌కిన్ అనే బొమ్మ ఒకటి, దాన్ని తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. నన్నడిగితే దెయ్యం కంటే ఆ అన్నాచెల్లెళ్ల (సారీ, అక్కాతమ్ముళ్ల) మాటలే ఎక్కువ భయపెట్టాయి. మా నాన్న పోయి పదకొండో రోజైనా కాకముందే నేనూ మా అన్నయ్యా పాత కుట్టుమిషన్ ఎవరికని అరుచుకున్నాం. ఇద్దరికీ కుట్టడం రాదు! పక్కగదిలో మా పెద్దమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చావింట్లో నవ్వు అలాగే వస్తుంది, ఎవరూ పిలవకుండా. పైగా నవల భాగాలకు పెట్టిన పేర్లు దుఃఖంలోని ఐదు దశలవి, నిరాకరణ నుంచి అంగీకారం దాకా. అంటే రచయితకు ఏడుపు మీదా ధ్యాస ఉన్నట్టే కదా. చివర్లో కాస్త సాగదీశాడన్న ఆ వ్యాసంలోని మాట మాత్రం ఒప్పుకుంటాను, అక్కడ నేనూ కొన్ని పేజీలు గబగబా తిప్పేశాను.