మెత్తటి సెన్సర్‌కు అసలు పరీక్ష అరికాలి కిందే

మెత్తటి ప్రెజర్ సెన్సర్ల మీద వార్త వచ్చిందంటే అందులో గొప్ప ఒక్కటే: ఎంత చిన్న స్పర్శనైనా పట్టేస్తుందని. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెనాన్ బావో బృందం సిలికోన్ రబ్బరు మీద కంటికి ఆనని పిరమిడ్లు అచ్చుపోసి, ఈగ వాలినా గుర్తించే సెన్సర్ చేసింది. గొప్ప పనే. కానీ ఆ చురుకుదనం ఒత్తిడి 2 కిలోపాస్కల్స్ లోపు ఉన్నప్పుడే. పైకి వెళ్తే పడిపోతుంది.

షుగర్‌తో స్పర్శ పోయిన పాదం కింద, చెప్పులో పెట్టే సెన్సర్ సంగతి వేరు. పుండు పడకుండా చెప్పులో ఏ చోటా ఒత్తిడి 200 కిలోపాస్కల్స్ దాటనివ్వొద్దంటారు పాదవైద్యులు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు. ఇక్కడ కావాల్సింది చురుకుదనం కాదు, నిలకడ.

చవగ్గా మొదలుపెట్టేవాళ్లు పట్టుకునేది వెలోస్టాట్. ఎలక్ట్రానిక్ సామాన్లు చుట్టి వచ్చే నల్ల సంచుల రకం ప్లాస్టిక్ అది, కార్బన్ కలిపిన 0.1 మి.మీ. పొర. నొక్కితే కరెంటుకు దాని నిరోధం తగ్గుతుంది. రెండు రాగి టేపుల మధ్య పెట్టి, 10 కిలోఓమ్ రెసిస్టర్‌తో సిరీస్‌లో కలిపి, ఆ రెండూ కలిసిన చోట వోల్టేజీ చదవడమే. పొరను రాగి కంటే చుట్టూ 2 మి.మీ. ఎక్కువ కత్తిరించాలి, లేకుంటే అంచుల్లో రాగికి రాగి తగిలి షార్టవుతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. సెన్సర్ మీద సెంటీమీటరు చదరం చెక్క దిమ్మ, దాని మీద 2 కిలోల తూకపు రాయి పెట్టి పది సెకన్ల తర్వాత ఒకసారి, పది నిమిషాల తర్వాత మరోసారి చూడండి. రాయి అదే, అంకె వేరు. బరువు కింద ప్లాస్టిక్ మెల్లగా నలుగుతూ, కార్బన్ రేణువులు ఇంకా దగ్గరై, నిరోధం తగ్గుతూనే ఉంటుంది. రాయి తీశాక కూడా అంకె వెంటనే మొదటికి రాదు. నడకలో ఒక వెసులుబాటుంది: ప్రతి అడుగుకూ పాదం గాల్లోకి లేస్తుంది కాబట్టి, ఆ క్షణాన్ని సున్నాగా తీసుకుంటే తప్పు చాలావరకు తీరుతుంది. కౌంటర్ వెనక గంటలకొద్దీ నిలబడే మనిషి దగ్గర ఈ ఉపాయం పారదు.

వెలోస్టాట్ బదులు సిలికోన్‌లో కార్బన్ కలిపి పొరను సొంతంగా పోసుకోవచ్చు. బేస్ పది పాళ్లు, గట్టిపరిచే ద్రవం ఒక పాలు. కార్బన్ తక్కువైతే కరెంటే పారదు, ఎక్కువైతే రబ్బరు బిగుసుకుపోయి నొక్కినా పెద్దగా మారదు. లేటెక్స్ గ్లౌజులు మాత్రం వద్దు. వాటిలోని గంధకం తగిలితే సిలికోన్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకం పనిచేయడం మానేస్తుంది, పొర ఎన్నాళ్లున్నా జిగురుగానే ఉంటుంది.

చెమట మరో శత్రువు. ఉప్పునీరు అంచుల్లోంచి దూరి కరెంటుకు దొంగదారి వేస్తుంది. పోనీ నాలుగువైపులా గట్టిగా అతికిస్తే లోపల చిక్కిన గాలి దిండులా ఉబ్బి, కాలు మోపకముందే ఒత్తిడి చూపిస్తుంది. సన్నటి గాలిదారి వదిలి, దాన్ని పాదం అవతలికి తీయాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది వైరు. మన దగ్గర షుగర్ రోగులు వాడే ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బర్) చెప్పుల మెత్తటి రబ్బరు చేసే పనే బరువును పరచడం. దాని మీద సెన్సర్ పరిచి మడమ కింద వైరు అతికించిన సోల్డర్ బొట్టు వదిలితే, గులకరాయి పెట్టినట్టే. స్పర్శ లేని కాలికి అది తెలియదు. సాయంత్రం చెప్పు విప్పాక పుండే చెబుతుంది. అతుకులన్నీ బరువు పడని పాదం వంపు కిందికి జరపాలి.