‘పోలీసులకు చెప్పింది మారిస్తే జైలే’ అన్న సందేశంలో చట్టం ఎంత?

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ‘సాక్షులారా, జాగ్రత్త’ అన్న శీర్షికతో ఒక సందేశం తిరుగుతోంది. అందులో ఆరు మాటలున్నాయి. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టాక కోర్టులో ఒక్క ముక్క తేడాగా చెప్పినా ఏడేళ్ల జైలు అన్నది మొదటిది. కొత్త చట్టాల ప్రకారం ఆ వాంగ్మూలాన్ని వీడియో తీస్తారు కనుక అదే సాక్ష్యమని రెండోది, మేజిస్ట్రేటు ముందు ఒకసారి చెబితే మళ్లీ కోర్టు మెట్లెక్కనక్కరలేదని మూడోది. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఆ పక్షం లాయరు ఏదైనా అడగవచ్చని, సాక్షి మాత్రం అవును, కాదు అనే రెండు మాటలకు మించి నోరెత్తకూడదని నాలుగోది. ఒక్క సాక్షి అడ్డం తిరిగితే కేసు కొట్టేస్తారని, రక్తసంబంధీకుల సాక్ష్యం చెల్లదని తక్కినవి. చివర్లో, కళ్ల ముందు ఏం జరిగినా చూడనట్టు వెళ్లిపొమ్మని సలహా.

పోలీసు స్టేషన్‌లో చెప్పిందే అసలు సాక్ష్యమనీ, కోర్టులో చెప్పేది దానికి నకలనీ అనుకోవడం దగ్గర ఈ సందేశం దారి తప్పింది. మన క్రిమినల్ విచారణ ఇందుకు సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. బోనులో ప్రమాణం చేసి, ముద్దాయి వింటుండగా చెప్పి, అతని న్యాయవాది ప్రశ్నలకు తట్టుకుని నిలిచిన మాటే సాక్ష్యం. స్టేషన్‌లో రాసుకున్న వాంగ్మూలం ఆ మాటను పరీక్షించడానికి చట్టం అనుమతించిన సాధనం. ఈ తేడా పట్టుకుంటే ఆరు మాటల్లో నాలుగు అక్కడికక్కడే వీగిపోతాయి.

ముందు సంతకం సంగతి. కోర్టు ఆవరణలో ఇప్పటికీ అందరూ ‘161 స్టేట్‌మెంట్’ అనే కాగితం 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 180వ సెక్షన్ కిందికి వచ్చింది. దాని పక్కనే ఉన్న 181వ సెక్షన్, పోలీసులు దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పిన మనిషి చేత సంతకం చేయించకూడదని స్పష్టంగా చెబుతోంది. ఇది కొత్తగా దక్కిన రక్షణ కూడా కాదు, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 162వ సెక్షన్‌లో ఉన్నదే. అయినా చాలామందికి స్టేషన్‌లో సంతకం పెట్టిన జ్ఞాపకం నిజంగానే ఉంటుంది. వారు పెట్టింది ఎఫ్.ఐ.ఆర్.కు ఆధారమైన ఫిర్యాదు మీదనో, కత్తి, సెల్‌ఫోన్ వంటివి స్వాధీనం చేసుకున్నప్పుడు రాసే మధ్యవర్తుల నివేదిక మీదనో, శవ పంచనామా మీదనో అయివుంటుంది. అవి వేరే కాగితాలు, వాటి లెక్క వేరు. సందేశం రాసిన వ్యక్తి అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

ఇక ఏడేళ్ల జైలు. అబద్ధపు సాక్ష్యానికి, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్‌లో ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నమాట నిజమే. అయితే న్యాయవిచారణలో, నిజం చెప్పవలసిన బాధ్యత తల మీద ఉండగా, అబద్ధమని తెలిసి చెప్పిన మాటకే ఆ శిక్ష. స్టేషన్ వాంగ్మూలానికీ కోర్టు సాక్ష్యానికీ మధ్య తేడా కనిపించినంత మాత్రాన కోర్టులో చెప్పింది అబద్ధమని తేలిపోదు. రాసుకున్న పోలీసు అధికారి తన మాటల్లో రాసుకుని ఉండవచ్చు, సాక్షి చెప్పింది సగమే రాసి ఉండవచ్చు, సాక్షే నాలుగేళ్ల తరువాత తేదీ మరిచిపోయి ఉండవచ్చు. సాక్షి జ్ఞాపకశక్తి ఫొటో తీసినట్టు ఉండాలని ఆశించకూడదని, చిన్నాచితకా తేడాలకు ప్రాధాన్యం ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1983లోనే భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో చెప్పింది. పైగా అబద్ధపు సాక్ష్యం మీద పోలీసులు తమంతట తాముగా కేసు కట్టలేరు. న్యాయప్రయోజనం దృష్ట్యా చర్య అవసరమని ఆ కోర్టే భావించి ఫిర్యాదు చేయాలి. క్లుప్త విచారణతో మూడు నెలల వరకు శిక్ష వేసే మరో దారి ఉంది కానీ అదీ న్యాయస్థానం చేతిలోనిదే. అలాగని స్టేషన్‌లో నోటికొచ్చింది చెప్పవచ్చునని కాదు. తన మీదికే నేరం తెచ్చే ప్రశ్నలు తప్ప మిగిలిన వాటికి నిజమే చెప్పాలని 180వ సెక్షనే అంటోంది.

ఆ వాంగ్మూలం కోర్టులో ఎలా పనికొస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. కొర్లగుంటలో రాత్రివేళ ఒక కొట్లాట జరిగింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన పి.డబ్ల్యూ. 2గా, అంటే ప్రాసిక్యూషన్ తరఫు రెండో సాక్షిగా వచ్చి, వీధి దీపం వెలుగులో రెండో ముద్దాయి కర్రతో కొట్టడం చూశానని చెప్పారు. స్టేషన్ వాంగ్మూలంలో వీధి దీపం ఊసే లేదు, కొట్టింది మూడో ముద్దాయి అని ఉంది. ముద్దాయిల న్యాయవాది ఆ కాగితాన్ని గాలిలో ఊపుతూ ‘అప్పుడొకటి, ఇప్పుడొకటి చెబుతున్నారు’ అని కేకలేస్తే చెల్లదు. కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 148వ సెక్షన్ ప్రకారం, ఏ వాక్యం భిన్నంగా ఉందో ఆ వాక్యాన్నే సాక్షి దృష్టికి తెచ్చి, పోలీసులకు అలా చెప్పారా అని అడగాలి. ఆయన చెప్పలేదంటే, తరువాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు అదే వాక్యం చూపించి, సాక్షి తనకు అలాగే చెప్పారని ఒప్పించి, దానికి ఎగ్జిబిట్ డి నంబరు, అంటే ముద్దాయి తరఫు పత్రాలకిచ్చే నంబరు వేయించాలి. అప్పుడే ఆ తేడా రికార్డులో నిలుస్తుంది. దీపం సంగతి వేరు. అది వైరుధ్యం కాదు, ప్రస్తావించకపోవడం. చీకట్లో మనిషిని గుర్తుపట్టడమే కేసుకు కీలకమైతే ఆ లోపం కూడా వైరుధ్యంతో సమానం కావచ్చునని, అవునో కాదో సందర్భాన్ని బట్టి తేల్చాలని చట్టంలోని వివరణ చెబుతోంది. దీన్ని ఎలా వాడాలన్న దాని మీద 1959 నాటి తహసీల్దార్ సింగ్ తీర్పు ఇప్పటికీ దారి చూపుతోంది. ఇంత తతంగం జరిగాక కూడా ఆ వాంగ్మూలంలోని వాక్యం సాక్ష్యమైపోదు. పెద్దాయన బోనులో చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలో తూచడానికి మాత్రమే న్యాయమూర్తి దాన్ని చూస్తారు.

వీడియో తీస్తే అంతా మారిపోతుందన్న మాట ఇంతకంటే బలహీనం. వాంగ్మూలాన్ని ఆడియో, వీడియో రూపంలో నమోదు చేయవచ్చునన్న వీలు 2009 చివరి నుంచే ఉంది. కొత్త చట్టం దాన్ని కొనసాగించింది. కాగితం మీద రాసినా, కెమెరాలో పట్టినా అది దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాటే, సాక్షి మాటను పరీక్షించడానికే దాన్ని వాడాలని 181వ సెక్షన్ విధించిన పరిమితి దానికీ వర్తిస్తుంది.

మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం, అంటే పాత 164వ సెక్షన్, ఇప్పటి 183వ సెక్షన్ కింద ఇచ్చేది, దాని గురించి సందేశంలో కాస్త సత్యం ఉంది. దాన్ని ప్రమాణం చేయించి నమోదు చేస్తారు కాబట్టి దానికి గౌరవం ఎక్కువ, దానికి పూర్తి విరుద్ధంగా కోర్టులో చెబితే చర్యకు ఆస్కారమూ ఎక్కువే. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు తప్పనిసరిగా నమోదు చేయాలన్నది కొత్త నిబంధన. కానీ ఆ రోజు ముద్దాయి అక్కడ ఉండడు, అతని తరఫున ప్రశ్నించేవారూ ఉండరు. అందుకే అది కూడా స్వతంత్ర సాక్ష్యం కాదని, సాక్షి కోర్టులో చెప్పినదాన్ని బలపరచడానికో ఖండించడానికో మాత్రమే పనికొస్తుందని సుప్రీంకోర్టు 2013లో ఆర్. షాజీ కేసులో మరోసారి చెప్పింది. సాక్షి రాక తప్పదు. మానసిక, శారీరక వైకల్యం ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. వారి వాంగ్మూలాన్నే చీఫ్‌గా, అంటే పిలిచిన పక్షం మొదట చెప్పించే సాక్ష్యంగా స్వీకరిస్తారు, అయినా క్రాస్ ఉంటుంది. క్రాస్ లేకుండానే నిలిచే మాట ఒకటుంది, అది మరణ వాంగ్మూలం. రుయా ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో చావుబతుకుల్లో ఉన్న మనిషి మేజిస్ట్రేటుతో తన ఈ స్థితికి కారణం చెప్పి తరువాత కన్నుమూస్తే, ఆ మాటను కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. చెప్పినవారు మళ్లీ రాలేరన్న ఒక్క కారణంతో చట్టం ఒప్పుకున్న మినహాయింపు అది.

క్రాస్ గురించి సందేశం చెప్పిన మాటే అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఎదుటి న్యాయవాది జవాబును సూచించే ప్రశ్నలు వేయవచ్చు, చీఫ్‌లో రాని విషయాలూ అడగవచ్చు, సాక్షి విశ్వసనీయతను దెబ్బతీసేందుకు ప్రయత్నించవచ్చు. ఇవన్నీ చట్టబద్ధమే, ఉండవలసినవే. ఇవి లేకపోతే చిన్న పగతో ఇరికించిన అమాయకుడికి దిక్కుండదు. అయితే దీనికి హద్దులున్నాయి. కేసుతో సంబంధం లేకుండా కేవలం సాక్షి శీలాన్ని కించపరిచే ప్రశ్నకు జవాబు చెప్పాలో వద్దో కోర్టు నిర్ణయిస్తుంది. సరైన ఆధారం లేకుండా అలాంటి ప్రశ్న వేయకూడదు, వేసిన న్యాయవాది గురించి హైకోర్టుకు నివేదించే అధికారం కూడా న్యాయమూర్తికి ఉంది. అవమానించడానికో వేధించడానికో ఉద్దేశించిన ప్రశ్నను కోర్టు నిషేధించాలి. అత్యాచారం కేసులో బాధితురాలి గత లైంగిక జీవితాన్ని తవ్వడానికి వీల్లేదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసుల్లోనైతే పిల్లలను లాయర్లు నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్నలు న్యాయమూర్తికి ఇస్తే ఆయనే అడుగుతారు.

‘అవును, కాదు మాత్రమే చెప్పాలి’ అన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు. కొందరు లాయర్లు గద్దించి అలా చెప్పిస్తారు, అది వారి పద్ధతి. ‘మీరు ఆ రోజు ఊళ్లో లేరు, అవునా కాదా?’ అంటే, ‘పొద్దున పుత్తూరు వెళ్లాను, సాయంత్రం ఆరుకు తిరిగొచ్చాను’ అనడానికి సాక్షికి హక్కుంది. మిగిలిపోయిన వివరణను, క్రాస్ అయ్యాక సాక్షిని మళ్లీ ప్రశ్నించి పబ్లిక్ ప్రాసిక్యూటర్ రాబట్టవచ్చు. క్రాస్ చివర వరసగా వచ్చే ‘మీరు అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారని సూచిస్తున్నాను’ వంటి మాటలకు చాలామంది సాక్షులు బెదిరిపోతారు, కొందరికి కోపం కూడా వస్తుంది. బెదరవలసిన పనిలేదు. ముద్దాయి తరఫు వాదన ఏమిటో సాక్షి ముందు పెట్టడం లాయరు విధి. సాక్షి కాదంటే ‘నేను అబద్ధం చెబుతున్నాననడం వాస్తవం కాదు’ అని రికార్డులో పడుతుంది, అంతే.

సాక్షులు నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు మరొకటి ఉంది. చెప్పిన తరువాత సాక్ష్యాన్ని చదివి వినిపిస్తారు. ఆ రెండు నిమిషాలూ చాలామంది ఇంటికి పోయే తొందరలో తలూపుతూ ఉంటారు. తప్పు పడితే అక్కడే చెప్పాలి. న్యాయమూర్తి దిద్దకపోయినా ఆ అభ్యంతరాన్ని నమోదు చేయవచ్చు. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడేవారు తమకు అర్థమయ్యే భాషలో చెప్పమని అడగడానికి సంకోచించకూడదు.

సాక్షి అడ్డం తిరిగితే కేసు పోతుందన్నది జనం నోట ఎంతగా నలిగిందంటే, కొందరు దాన్ని చట్టమే అనుకుంటున్నారు. అలాంటి సాక్షిని, కోర్టు అనుమతితో, పిలిచిన పక్షమే క్రాస్ చేసినట్టు ప్రశ్నించవచ్చు. అప్పుడు ఆ సాక్షి చెప్పినదంతా తుడిచిపెట్టుకుపోదని, నమ్మదగిన భాగాన్ని కోర్టు స్వీకరించవచ్చునని 1976లో సత్‌పాల్, భగవాన్ సింగ్ కేసుల నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ‘కొట్టింది ఎవరో చూడలేదు కానీ, ఆ సమయానికి ఇద్దరూ అక్కడే ఉన్నారు’ అన్న ముక్క చాలు కొన్ని కేసుల్లో. అసలు కేసులు వీగిపోవడానికి, నా దృష్టిలో, చీఫ్‌కీ క్రాస్‌కీ మధ్య నెలల తరబడి వాయిదాలు పడడం పెద్ద కారణం. ఆ వ్యవధిలోనే రాజీలు, బెదిరింపులు, డబ్బు మాటలు నడుస్తాయి. 2015లో వినోద్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే తప్పుబట్టింది. సాక్షి హాజరై ఉండగా, ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా వాయిదా ఇవ్వరాదని చట్టమూ అంటోంది. పలమనేరు వైపు పల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి చిత్తూరు వచ్చి, సాయంత్రం ‘వాయిదా పడింది, వెళ్లండి’ అనిపించుకున్న కూలి మనిషికి ఆ రోజు కూలి పోవడం అసలైన ఫిర్యాదు. సందేశం దాని గురించి ఒక్క మాటైనా అనలేదు.

బంధువుల సాక్ష్యం సంగతి క్లుప్తంగా. సొంత మనిషిని పోగొట్టుకున్నవారు అసలు దోషిని వదిలేసి అమాయకుణ్ని ఇరికించే అవకాశం తక్కువని 1953లో దలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. జాగ్రత్తగా పరిశీలిస్తారు, తోసిపుచ్చరు. ఇంతమంది సాక్షులుండాలన్న లెక్కా ఏదీ లేదు. నమ్మదగిన ఒక్కరు చాలు.

ఇక ఆ చివరి సలహా. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చిన మనిషిని బలవంతంగా సాక్షిగా మార్చకూడదని, సాక్షిగా ఉండాలో లేదో ఆయన ఇష్టమని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్, దాని కింద వచ్చిన నియమాలు చెబుతున్నాయి. మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 ఏళ్లు దాటిన మగవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని విచారణ పేరుతో స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు, వారున్న చోటికే పోలీసులు వెళ్లాలి. కోర్టుకు వచ్చిన సాక్షి ప్రయాణ ఖర్చులకు బత్తా అడగవచ్చు. బెదిరింపులుంటే 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షి రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి సాక్షి దరఖాస్తు చేసుకుంటే, ముప్పు ఎంత ఉందో పోలీసు అధికారి నుంచి నివేదిక తెప్పించుకుని, అవసరాన్ని బట్టి ఇంటి వద్ద గస్తీ మొదలుకొని కోర్టులో ముద్దాయికి ఎదురుపడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు దాకా ఆ కమిటీ ఆదేశించవచ్చు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో అడగవచ్చు.