కౌంటు తక్కువ, రేటు ఎక్కువ

(ఉండి దగ్గర ఒక ఊరు. అందరూ ఇంకా ఎంసెట్ అనే ఈఏపీసెట్‌కి వెబ్ ఆప్షన్లు, అంటే కాలేజీల లిస్టు వరసగా పెట్టడానికి, రేపే ఆఖరు. ర్యాంకు కొట్టిన పిల్ల హాయిగా నిద్రపోతోంది. కునుకు లేనిది వరండాలో ఉన్న అమ్మానాన్నలకే.)

సత్యం: ర్యాంకంటే ఏముందే, మన రొయ్యల కౌంటే, కిలోకి ఎన్ని తూగాయన్న లెక్కే! ముప్పై కౌంటుకున్న రేటు వంద కౌంటుకుంటుందా? నంబరు ఎంత చిన్నదైతే అంత గిరాకీ.

మహాలక్ష్మి: అబ్బో, కన్నకూతుర్ని కాటా ఎక్కించేశారు. ముందు ఆ లిస్టు చదవండి.

సత్యం: ఒకటి, తాడేపల్లిగూడెం నిట్. రోజూ బండి మీద దింపేసి వస్తాను.

మహాలక్ష్మి: దానికి ఎంసెట్ కాదండీ, జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. 2015లో పెట్టిన దగ్గర్నుంచీ అంతే.

సత్యం: కొట్టేశాలే. రెండు, భీమవరం రోడ్డులో ఫ్లెక్సీ కట్టారే, ఆ కాలేజీ. ఎవరో కుర్రాడికి నలభై లక్షల ప్యాకేజీ అట!

మహాలక్ష్మి: ఆ ఒక్క కుర్రాడికి. మిగతావాళ్ల సంగతి? సరుకు కొనడానికి వచ్చినవాడు మీరు చేతిలో పట్టుకున్న నాలుగు పెద్ద రొయ్యలు చూసి రేటు కడతాడా?

సత్యం: ఎందుకు కడతాడు? విసురువల వేసి శాంపిల్ తీస్తాడు.

మహాలక్ష్మి: మనమూ అదే చెయ్యాలి. కేంద్రం కాలేజీలకిచ్చే ర్యాంకింగుంది కదా, నిర్ఫ్, దానికి కాలేజీలు పంపే లెక్కల్లో మీడియన్ జీతం ఉంటుంది. అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్నవాడిది. ఆ లెక్క వెబ్‌సైట్‌లో పెట్టాలి కూడా. మీ ఫ్లెక్సీవాళ్లది ఎంత వెతికినా కనబడలేదు.

సత్యం: పోనీ బ్రాంచి? సీఎస్ఈ, ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ... ఏఐ పెట్టు. చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి.

మహాలక్ష్మి: ముందు కరెంటు ఉంటే కదా! పేరేదైనా డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ గట్టిగా చెప్పే మేస్టార్లున్నారా లేదా? సీట్లు పెంచినంత సులువుగా వాళ్లు దొరకరు.

సత్యం: నాక్ గ్రేడు ఏ ప్లస్ అని గేటు మీదే రాశారుగా!

మహాలక్ష్మి: అది కాలేజీ మొత్తానికి. బ్రాంచికి చూడాల్సింది ఎన్‌బీఏ గుర్తింపు. రెండు బ్యాచ్‌లు బయటికొస్తేగానీ కొత్త బ్రాంచి దానికి అప్లై చెయ్యడానికే లేదు.

సత్యం: సరే తల్లీ. ఎందుకైనా మంచిది, గ్యారంటీగా వచ్చేది పైన పెట్టి నచ్చింది కింద పెడదాం.

మహాలక్ష్మి: అయ్యో రామా! పైనుంచే చూసుకుంటూ వస్తారు. మొదట ఏది దొరికితే అదే ఇచ్చి ఆపేస్తారు. నచ్చిందే పైన ఉండాలి.

సత్యం: ఏంటది?

మహాలక్ష్మి: జేఎన్‌టీయూ కాకినాడ, సీఎస్ఈ. 1946 నాటి కాలేజీ.

సత్యం: ఆగాగు. మీడియన్ అన్నావు, మేస్టార్లన్నావు, ఎన్‌బీఏ అన్నావు, తిప్పి తిప్పి నీ పుట్టింట్లో దింపావు! ఆ గేటుకి మీ అమ్మగారిల్లు ఎంత దూరం?

మహాలక్ష్మి: మధ్యలో ఒక్క సందు. మా అమ్మ హాస్టల్ ఫీజు అడగదు కదండీ.

సత్యం: పిల్లని చూడ్డానికని నువ్వు వారం వారం వెళ్తే నాకు వండేదెవరు?

మహాలక్ష్మి: లక్షల రొయ్యలకి టైముకి మేత వేస్తున్నారుగా. మీ ఒక్కరికీ వేసుకోలేరా?