ఇక విజిల్ ఊదేవాళ్లు ఉండరు

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయిపోయింది. ర్యాంకు వచ్చినవాళ్లు కన్వీనర్ కోటాలో, రానివాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో, మొత్తానికి అందరూ ఎక్కడో ఒకచోట చేరిపోయారు. మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) మంచిదా, ఏఐ-ఎంఎల్ అని తోక తగిలించిన సీఎస్‌ఈ మంచిదా అన్న చర్చ ఇప్పటికే ఇంటింటా తెల్లవార్లూ జరిగింది కాబట్టి దాని జోలికి పోను. నా దిగులు వేరే. ఇప్పుడు ఇంజినీరింగ్‌లో చేరుతున్న పిల్లల్లో చాలామందికి ఒక రోజును సొంతంగా గడపడం రాదు.

తప్పు వాళ్లది కాదు. కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండేళ్లు ఎలా గడిచాయో వాళ్లనే అడగండి. తెల్లారకముందే విజిల్. బ్రష్షు నోట్లో ఉండగానే ఫ్లోర్ ఇన్‌చార్జి కేకలు. స్టడీ అవర్, టిఫిన్, క్లాసు, స్టడీ అవర్, భోజనం, మళ్లీ స్టడీ అవర్. వారాంతం వస్తే టెస్టు, టెస్టు అయితే మార్కుల లిస్టు, లిస్టును బట్టి సెక్షన్ మార్పు. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో, ఏ ప్రశ్న వదిలేయాలో, ఇంటికి ఎప్పుడు ఫోన్ చేయాలో, అన్నీ ఇంకెవరో తేల్చేస్తారు. పదహారేళ్ల పిల్లవాడు రెండేళ్లపాటు ఒక్క నిర్ణయం తీసుకోకుండా గడిపేసి, మంచి ర్యాంకుతో బయటికొస్తాడు.

ఆ తర్వాత ఒక సోమవారం నుంచి విజిల్ ఉండదు.

మొదటి నెల నిద్రకు సరిపోతుంది. రెండో నెలలో క్లాసంతా కలిసి ఎగ్గొట్టే మాస్ బంక్ రుచి తెలుస్తుంది. మిడ్ ఎగ్జామ్ ముందు రోజు రాత్రి సీనియర్ నోట్స్ కోసం జీరాక్స్ షాపు దగ్గర క్యూ. జేఎన్‌టీయూ లెక్కలో హాజరు 75 శాతం ఉండాలనీ, 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఫైన్ కట్టుకోవాలనీ, 65 కూడా లేకపోతే డిటైన్ అయి, అంటే పరీక్ష రాయనివ్వక, వెనకబడిపోతారనీ చాలామందికి సెమిస్టర్ చివర్లో గానీ తెలియదు. చేరిన వారంలోనే కాలేజీ రెగ్యులేషన్స్ తెచ్చుకుని ఒక పూట కూర్చుని చదవమని చెబితే నవ్వుతారు. చదవండి. నాలుగేళ్లూ మీ జుట్టు పట్టుకునేది ఆ కాగితాలే. ఫస్టియర్‌లో వదిలేసిన మ్యాథ్స్ పేపర్ ఫైనలియర్ దాకా వెంటాడుతుంది. యాక్టివ్ బ్యాక్‌లాగ్, అంటే ఇంకా పాసవ్వని పేపర్, ఉందంటే చాలా కంపెనీలు ఉద్యోగాల డ్రైవ్‌లో కూర్చోనివ్వవు.

అయితే నేను గట్టిగా చెప్పదలచుకున్నది హాజరు గురించి కాదు, చదువుకునే పద్ధతి గురించి. ఇంటర్‌లో మెటీరియల్ చేతికిస్తారు, దాన్ని మింగితే చాలు. ఇంజినీరింగ్‌లో సిలబస్ కాపీలో ఒక్కో యూనిట్‌కి నాలుగైదు లైన్లు మాత్రమే ఉంటాయి. లైబ్రరీలో అదే సబ్జెక్టుకి ఆరేడు వందల పేజీల పుస్తకం ఉంటుంది. ఆ నాలుగు లైన్లకీ ఈ ఆరొందల పేజీలకీ మధ్య దారి మీరే వెతుక్కోవాలి. ఏది చదవాలో తేల్చుకోవడమే ఇక్కడ సగం చదువు. అందుకే మొదటి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు ఎంచుకోండి. ఎవరి నోట్సూ ముట్టుకోకుండా, ఒకే పుస్తకం పట్టుకుని, అర్థం కాని పేజీ దగ్గర ఆగి, చివరి దాకా వెళ్లండి. మిగతావి ఆల్ ఇన్ వన్ గైడ్లతో గట్టెక్కినా నేనేమీ అనను. సీ ప్రోగ్రామింగ్ అయితే మరీ మంచిది. ప్రోగ్రాం తప్పని కంప్యూటర్ మొహం మీదే చెప్పేస్తుంది, ఇన్‌చార్జి అక్కర్లేదు.

నేనూ సుద్దపూసను కాదు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ షీట్లన్నీ గాజు పలక కింద లైటు పెట్టి పక్కవాడివి చూసి గీసినవే. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్, ఎక్స్‌టర్నల్, వచ్చి ఈ గీత ఇక్కడెందుకు వంగిందని అడిగితే నోరు పెగల్లేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తే.

ఇక్కడ ఒక మాట. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్లలు మొదటి రోజు నుంచే వెనక బెంచీలో ముడుచుకుని కూర్చుంటారు. ఇంగ్లీషు రాదని భయం. కానీ మూడు నెలలు ఆగి చూడండి. పల్లె నుంచి రోజూ బస్సుపాసుతో వచ్చి, లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న సబ్జెక్టును తనంతట తానే చదువుకుని పాసైన అమ్మాయికి, కార్పొరేట్ కాలేజీ టాపర్‌కి రానిదొకటి వచ్చు. విజిల్ లేకుండా నిద్ర లేవడం. ఇంగ్లీషు నాలుగు సెమిస్టర్లలో పట్టుబడుతుంది. విజిల్ లేకుండా లేవడం అంత తొందరగా రాదు.

తల్లిదండ్రులు ఏమంటారో తెలుసు. వదిలేస్తే పిల్లలు చెడిపోతారండీ, గంజాయి ఉంది, బెట్టింగ్ యాప్‌లున్నాయి, ర్యాగింగ్ ఉంది అంటారు. ఉన్నాయి, కాదనను. ర్యాగింగ్‌పై 1997లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలూ వచ్చాయి, అయినా పూర్తిగా పోలేదు. కానీ కాపలా ఎన్నాళ్లు? రేపు బెంగళూరు పీజీ హాస్టల్‌కి, ఎల్లుండి డాలస్ అపార్ట్‌మెంట్‌కి మీరూ వెళ్తారా? అక్కడ దిగాక వీడియో కాల్‌లో అమ్మను అడిగి మొదటిసారి పప్పు వండుకునే పిల్లలు ఎంతమందో!

ఈ భయాన్ని కాలేజీలు బాగా పసిగట్టాయి. కొడుకు ఒక పీరియడ్‌కి రాకపోతే తండ్రి ఫోన్‌కి మెసేజ్, కారిడార్‌లో కెమెరా, ఆదివారం అవుటింగ్‌కి తండ్రి అనుమతి. ఇంటర్‌ను ఆరేళ్లకు పొడిగించినట్టే. దాన్ని క్రమశిక్షణ అని బ్రోచర్‌లో అచ్చేసి ఫీజు కూడా వసూలు చేస్తున్నారు.

అసలు పిల్లల్ని నమ్మని ఈ జబ్బు కాలేజీతో మొదలైంది కాదు. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. దాదాపు ఆ రోజుల్లోనే, 1980ల చివర్లో, గొడవల పేరు చెప్పి మన రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. ఈ ఎన్నికలు ఎలా పెట్టాలో మాజీ ఎన్నికల ప్రధాన కమిషనర్ లింగ్డో కమిటీ 2006లో చెప్పింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. హైదరాబాద్‌లోని కేంద్ర విశ్వవిద్యాలయమైన హెచ్‌సీయూలో పిల్లలు సంఘాన్ని ఎన్నుకుంటారు, అదే ఊళ్లో ఉస్మానియా విద్యార్థికి ఆ భాగ్యం లేదు. ముఖ్యమంత్రి ఎవరో తేల్చే తెలివి ఉన్నవాడికి, హాస్టల్ సాంబారు గురించి మాట్లాడే ప్రతినిధిని ఎన్నుకునే తెలివి లేదని ముప్పై అయిదేళ్లకు పైగా ప్రభుత్వాలన్నీ, పార్టీ తేడా లేకుండా, అనుకుంటూనే ఉన్నాయి.

కాబట్టి కాలేజీలో కాలు పెట్టాక, రెగ్యులేషన్స్ చదివిన ఆ వారంలోనే ఇంకో పని కూడా చేయండి. మీ హాస్టల్‌కి మెస్ కమిటీ ఉందేమో కనుక్కోండి. ఉంటే మీ పేరివ్వండి. లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, ఎందుకు లేదు సార్ అని వార్డెన్‌ని అడగండి.