దుప్పట్లు చాలు, ఇక మనుషులు కావాలి

కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చే పిల్లాణ్ని డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో ఎవరు పికప్ చేసుకోవాలి, మొదటి వారం ఎవరింట్లో ఉంచాలి, సిమ్ ఎక్కడ కొనాలి, బ్యాంకు అకౌంట్ ఎలా తెరవాలి, ఇదంతా డాలస్ తెలుగువాళ్ళకి కొట్టిన పిండి. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే చాలు, ఎవరో ఒకరు కారు తీస్తారు. అచ్చంగా ఇదే సాయం మన ఊరికి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకీ కావాలి. మనం మాత్రం ఏడాదికోసారి దుప్పట్లు, పాత బట్టలు ఇచ్చి, బ్యానర్ పట్టుకుని ఫోటో దిగి వచ్చేస్తున్నాం. ఇవ్వొద్దని కాదు. అక్కడ కొరత మనుషులది.

మనం షాపింగ్‌కి వెళ్ళే నార్త్‌పార్క్ మాల్‌కి హైవే అవతలే వికరీ మెడో అనే అపార్ట్‌మెంట్ల పేట. అఫ్గానిస్తాన్, బర్మా, కాంగో లాంటి దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు ఏళ్ళుగా ఆ అపార్ట్‌మెంట్లలో కాపురాలు పెట్టుకుంటున్నాయి. ప్రభుత్వం డబ్బుతో పునరావాస సంస్థలు చేసే మొదటి విడత సాయం 30 నుంచి 90 రోజులే, ఆ లోపే ఇల్లు, పిల్లల బడి, డాక్టరు, ఉద్యోగం అన్నీ కుదరాలి. పైగా 2025 జనవరిలో శరణార్థుల రాక దాదాపు ఆపేశాక ఈ సంస్థలకి నిధులు తెగిపోయి, చాలామంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. కొత్తగా అర్హులయ్యేవాళ్ళకి 12 నెలలు అందాల్సిన నగదు సాయాన్ని అదే ఏడాది మేలో 4 నెలలకి కుదించారు, జులైలో వచ్చిన చట్టంతో గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా ఫుడ్ స్టాంపులూ (తిండి సరుకులకి ఇచ్చే ప్రభుత్వ సాయం) లేకుండా పోయాయి. కాబట్టి, కొత్తవాళ్ళు రావట్లేదు కదా, ఇప్పుడు మన అవసరం ఏముంది అనుకుంటే పొరపాటు.

నేను వెళ్ళే ఒక అఫ్గాన్ ఇంట్లో, ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద విప్పని ఉత్తరాలు దొంతరగా ఉండేవి. కరెంటు బిల్లు, బడి నుంచి టీకాల కాగితం, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) నోటీసు, అన్నీ కలిసిపోయి. వాటిలో ఒకటి విమానం టికెట్ల అప్పు గురించి. అవును, శరణార్థులు ఇక్కడికొచ్చిన విమానం ఖర్చు చాలావరకు వడ్డీలేని అప్పే, ఆరు నెలల తర్వాత నెలనెలా తీర్చాలి. ఫోన్ మోసాల గురించి అందరూ హెచ్చరించడంతో ఆ ఇంటాయన ఇదీ మోసమేనని పక్కన పడేశాడు. ఆ అప్పు సరిగ్గా కడితే క్రెడిట్ హిస్టరీ మొదలవుతుందని చెప్పడానికి నాకు పట్టింది ఒక చాయ్ తాగేంత సేపు. వాళ్ళు పెషావర్‌లో ఉండి వచ్చారు, ఉర్దూ వచ్చు, నా హైదరాబాదీ హిందీ హాయిగా సరిపోయింది. ఈ పనికి చదువుతో పనిలేదు, పక్కన కూర్చోవాలంతే.

బర్మా కుటుంబాలని చూస్తే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. 1942లో జపాన్ సైన్యం రంగూన్ మీదకొచ్చినప్పుడు కొండలు, అడవులు దాటి నడుచుకుంటూ వచ్చిన లక్షలమందిలో మనవాళ్ళూ ఉన్నారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక మళ్ళీ కట్టుబట్టలతో వచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. శ్రీకాకుళం, గోదావరి జిల్లాల వాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి.

"మన వీసాలే టెన్షన్‌లో ఉంటే ఈ గొడవ మనకెందుకు" అని కొందరన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒకావిణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం రాజకీయం కాదు. ఇమిగ్రేషన్ ఫారాల విషయంలో మాత్రం సలహాలు ఇవ్వకండి, మనకి గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 కంఠతా వచ్చినా సరే, అది లాయర్ల పని.

ఈసారి మన తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో దీన్ని చర్చకి పెట్టమని నా విన్నపం. ఒక్కో కుటుంబానికి నలుగురు, ఆరు నెలలు. ఏదైనా పునరావాస సంస్థలో పేరిచ్చి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుంటే వాళ్ళే కుటుంబాన్ని చూపిస్తారు. అన్నిటికంటే ముందు కావాల్సింది డ్రైవింగ్ నేర్పేవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు. చాలామంది తల్లులు పరాయి మగవాడి పక్కన కూర్చుని నేర్చుకోలేక, జులై ఎండలో చంటిపిల్లల్ని ఎత్తుకుని బస్సు కోసం నిలబడుతున్నారు.