రెండు క్లబ్బులు ఒకటైతే పోయేదేమిటి

మా అబ్బాయి ఆడే ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి గత నెల సభ్యులందరికీ ఒక ఉత్తరం వచ్చింది. పక్కనే ఉన్న ఇంకో క్లబ్బుతో కలిసిపోదామా అని అడిగారు. కారణాలు కొత్తవేం కావు. పదిహేనేళ్ళు దాటిన పిల్లలు ఆట మానేస్తున్నారు, ఆ వయసు జట్టుకు పదకొండు మంది దొరకడం కష్టంగా ఉంది, కమిటీలో ఏళ్ళ తరబడి పని చేస్తున్నవాళ్ళు అలిసిపోయారు, గ్రౌండ్ ఖర్చు ఏటా పెరుగుతోంది. నిర్ణయించేది సభ్యుల ఓటు. మనవాళ్ళలో చాలామంది పిల్లల్ని ఇలాంటి క్లబ్బులకే పంపుతున్నారు, సభ్యత్వం కూడా తీసుకున్నారు. ఈ ప్రశ్న ఇవాళ మాకొచ్చింది, రేపు మీకూ రావచ్చు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

విషయం చెప్పగానే మావాడు అడిగింది ఒక్కటే: "అయితే మేం ఎవరి మీద ఆడాలి?"

వాడి లెక్కలో సీజన్ అంటే ఆ పక్క క్లబ్బుతో ఆడే రెండు మ్యాచులే. ఆ జట్టులో సగం మంది వాడి స్కూలు స్నేహితులు. ఓడిపోతే సోమవారం క్లాసులో తల దించుకోవాలి. ఆ టెన్షన్ కోసమే వాడు వానలో కూడా ప్రాక్టీసుకు వెళ్తాడు. కమిటీ ఉత్తరంలో ఖర్చులూ ఆదాయాలూ అన్నీ ఉన్నాయి, వాడి ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. నెల రోజులుగా నేను విలీనాల చరిత్ర చదువుతున్నాను. చదివేకొద్దీ వాడు అడిగిందే అసలు ప్రశ్న అనిపిస్తోంది.

విలీనం ఎప్పుడూ తప్పే అని నేను అనడం లేదు. పెద్ద క్లబ్బులు ఎన్నో అలా పుట్టినవే. 1926లో ఫ్లారెన్స్‌లో రెండు క్లబ్బులు కలిసి ఫియొరెంటీనా అయ్యాయి. 1948లో కొలోన్‌లో రెండు కలిసి ఏర్పడిన క్లబ్బు 1964లో జర్మనీ అగ్ర లీగు అయిన బుందెస్‌లీగాను మొట్టమొదటిసారి జరిగినప్పుడే గెలిచింది. 1927లో రోమ్‌లో మూడు కలిసి రోమా అయ్యాయి. అయితే ఆ కలయికలోకి అదే నగరంలోని లాజియో క్లబ్బును కూడా లాగాలని చూశారు. లాజియో రానంది. రానన్నది కాబట్టే ఆ నగరానికి ఇవాళ రోమా, లాజియో డెర్బీ, అంటే ఇరుగుపొరుగు క్లబ్బుల పోటీ, ఉంది. విలీనం గొప్పదనం చెప్పేవాళ్ళు రోమా పేరు చెప్పి ఊరుకుంటారు. లాజియో సంగతి కూడా చెప్పాలి.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇటలీలోని జెనోవా. ఆ ఓడరేవు నగరంలో సాంపియర్‌దారెనేసే, ఆంద్రేయా దోరియా అని రెండు క్లబ్బులు ఉండేవి. 1927లో, ఫాసిస్టుల పాలనలో, రెంటినీ కలిపి లా దోమినాంతే అని కొత్త పేరు పెట్టారు. అందులో ఇటు పేరూ లేదు, అటు పేరూ లేదు. కొన్నేళ్ళకే అది చెదిరిపోయింది, పాత క్లబ్బులు పాత పేర్లతో మళ్ళీ లేచాయి. యుద్ధం ముగిశాక 1946లో అవే రెండు క్లబ్బులు మళ్ళీ కలిశాయి. ఈసారి రెండు పేర్ల ముక్కలు అతికించి సాంప్‌దోరియా అన్నారు. చొక్కాకు ఆంద్రేయా దోరియా నీలం తీసుకున్నారు, దాని మీద అడ్డంగా సాంపియర్‌దారెనేసే తెలుపు, ఎరుపు, నలుపు పట్టీ వేశారు. ఆ రంగులు ఈనాటికీ అవే. 1991లో ఇటలీ లీగ్ గెలిచింది ఆ రంగుల్లోనే. క్లబ్బులు అవే, ఊరూ అదే. మొదటిసారి ఎవరో కలిపారు, రెండోసారి తామే కలిశారు. పైగా ఊరి పేరునే పెట్టుకున్న పాత క్లబ్బు జెనోవా ఎదురుగా ఉండనే ఉంది. సాంప్‌దోరియా పుట్టాక ఊళ్ళో పోటీ తగ్గలేదు, ఇంకా పదునెక్కింది.

స్కాట్లాండ్ ఉత్తరాన ఇన్వర్‌నెస్ కథ ఇంత తేలిగ్గా తేలేది కాదు. అక్కడ కాలెడోనియన్, థిసిల్ అనే రెండు క్లబ్బులు తరాల తరబడి హైలాండ్ లీగులో ఒకదాని మీద ఒకటి ఆడుతూ వచ్చాయి. 1994లో స్కాటిష్ లీగు కొత్తగా రెండు క్లబ్బులకు చోటు ఇచ్చింది. ఊరి తరఫున ఒక బలమైన క్లబ్బు వెళ్ళాలని రెంటినీ కలిపారు. సమావేశాలు రచ్చ రచ్చ అయ్యాయి. కాలెడోనియన్ అభిమానుల్లో ఒక వర్గం చివరిదాకా ఎదిరించింది. విలీనం ఆగలేదు. కొందరు ఆ తర్వాత గ్రౌండ్ వైపు మళ్ళీ రాలేదు.

ఫలితాలు చూస్తే కలపమన్నవాళ్ళదే పైచేయి. 2000 ఫిబ్రవరిలో ఆ కొత్త క్లబ్బు స్కాట్లాండ్‌లోని పెద్ద క్లబ్బు సెల్టిక్‌ను దాని సొంత గ్రౌండ్‌లో 3-1తో ఓడించింది. 2004లో స్కాటిష్ ప్రీమియర్ లీగుకు ఎక్కింది. 2015లో స్కాటిష్ కప్ గెలిచింది. విడివిడిగా ఉండి ఉంటే ఇవన్నీ సాధించేవని నేను వాదించను. కానీ 1994లో ఆ రెండో చోటు ఎవరికి దక్కిందో చూడండి. ఇన్వర్‌నెస్‌కు దగ్గర్లో డింగ్‌వాల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి రాస్ కౌంటీ ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా వెళ్ళి ఆ చోటు సంపాదించింది. అదీ ప్రీమియర్ లీగుదాకా ఎక్కింది, 2016లో లీగ్ కప్ గెలిచింది. పెద్ద లీగుకు విలీనం ఒక దారి, రాస్ కౌంటీ నడిచింది ఇంకో దారి. ఇంకో ముచ్చట ఏమిటంటే, ఇన్వర్‌నెస్‌కూ రాస్ కౌంటీకీ మధ్య మ్యాచ్ ఇప్పుడు హైలాండ్ డెర్బీ అయింది. ఊరి లోపల పోటీ పోతే జనం పక్క ఊళ్ళో ఇంకో పోటీ వెతుక్కున్నారు. ఇన్వర్‌నెస్‌లో మూడో క్లబ్బు క్లాక్నాకడిన్ ఈ విలీనంలో కలవలేదు. అది ఇప్పటికీ హైలాండ్ లీగులో ఆడుతూనే ఉంది.

2024 అక్టోబరులో ఇన్వర్‌నెస్ క్లబ్బు అప్పులు మోయలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా నిర్వాహకుల చేతుల్లోకి, వెళ్ళింది, లీగులో 15 పాయింట్లు కోత పడ్డాయి. అప్పటికే అది మూడో అంచె లీగులో ఉంది. ఆ వార్త చదివినప్పుడు నాకు 1994లో వెళ్ళిపోయిన ఆ కుటుంబాలు గుర్తొచ్చాయి. గ్రౌండుకు రావడం మానేసిన మనిషి తనొక్కడే మానేయడు. అతని భుజం మీద కూర్చుని మ్యాచ్ చూడాల్సిన కూతురు రాదు, ఆమె పిల్లలూ రారు. 2015 కప్పు ఫొటోలో ఆ లోటు కనిపించదు. క్లబ్బుకు కష్టం వచ్చి, మనుషులు ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోవాల్సిన రోజున కనిపిస్తుంది. విలీనం మంచిదా చెడ్డదా అని నాలుగైదేళ్ళకే తేల్చేసేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. ఒక తరం గడిస్తే గానీ ఆ లెక్క తేలదు.

జపాన్‌లోని యోకొహామాలో ఇంకా ఘోరం జరిగింది. 1998 అక్టోబరులో ఫ్లూగెల్స్ అనే క్లబ్బును అదే నగరంలోని మారినోస్‌లో కలిపేస్తున్నామని ప్రకటించారు. ఒక ప్రధాన స్పాన్సర్ తప్పుకుంది, డబ్బు లేదు, అదీ కారణం. అభిమానులను అడిగినవాళ్ళు లేరు. ఆ జట్టు మిగిలిన మ్యాచుల్లో ఒక్కటి కూడా ఓడలేదు. 1999 జనవరి 1న ఎంపరర్స్ కప్ ఫైనల్లో షిమిజు ఎస్-పల్స్‌ను 2-1తో ఓడించి కప్పు ఎత్తింది, ఆ రోజుతో ఆ క్లబ్బు లేకుండా పోయింది. దాని గుర్తుగా మారినోస్ పేరు ముందు 'ఎఫ్' అనే ఒక్క అక్షరం పెట్టారు. ఆ అక్షరం కోసం ఫ్లూగెల్స్ అభిమానులు మారినోస్ వైపు వెళ్తారని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు. వాళ్ళు వెళ్ళలేదు. చందాలు వేసుకుని యోకొహామా ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. కింది లీగు నుంచి మొదలుపెట్టి 2007 నాటికి మారినోస్ ఆడే పై లీగుకే చేరారు. ఒకటి చేద్దామనుకున్న ఊళ్ళో మళ్ళీ రెండు క్లబ్బులు నిలిచాయి.

మనకు తెలిసిన కోల్‌కతా సంగతీ దగ్గరదగ్గర ఇలాంటిదే. 1889 నాటి మోహన్ బగాన్‌ను 2020లో అదే ఊరి కొత్త క్లబ్బు ఏటీకేతో కలిపి ఏటీకే మోహన్ బగాన్ అన్నారు. ముందు తగిలించిన ఆ మూడు అక్షరాలు తీసేయాలని అభిమానులు మూడేళ్ళు పోరాడారు. 2023లో తీసేశారు.

జరగకుండా ఆగిపోయిన విలీనాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మా ఓటుకు ఎక్కువ పనికొచ్చేవి అవే. 1983లో ఇంగ్లాండ్‌లో ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్ తన క్లబ్బునూ పొరుగు ఊరి క్లబ్బు రెడింగ్‌నూ కలిపి థేమ్స్ వ్యాలీ రాయల్స్ అనే క్లబ్బు చేస్తానన్నాడు. విడిగా ఉంటే రెండూ బతకవని ఆయన వాదన. రెండు ఊళ్ళ అభిమానులూ వీధుల్లోకి వచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో జనం గ్రౌండ్ మధ్యలో కూర్చుంటే మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది. చివరికి విలీనం ఆగిపోయింది. బతకదన్న ఆక్స్‌ఫర్డ్ రెండేళ్ళలో వరసగా రెండు డివిజన్లు గెలిచి అప్పట్లో అన్నిటికన్నా పై అంచె అయిన ఫస్ట్ డివిజన్‌కు చేరింది, 1986లో లీగ్ కప్ గెలిచింది. బతకదన్న రెడింగ్ 1984లో ఒక మెట్టు ఎక్కి, 1986లో థర్డ్ డివిజన్ ఛాంపియన్ అయింది. ఇంకో నాలుగేళ్ళకు, 1990లో, ఎడిన్‌బరోలో హార్ట్స్ క్లబ్బు అధిపతి అదే ఊరి ఇంకో క్లబ్బు హిబ్స్‌ను కొనేయబోయాడు. జనం ఆపారు. మరుసటి ఏడాదే హిబ్స్ లీగ్ కప్ ఎత్తింది. ఇక మార్గం లేదని చెప్పేవాళ్ళు అన్ని మార్గాలూ వెతికే చెబుతున్నారా అని అడగడానికి ఈ రెండు కథలు చాలు.

ఇదంతా చదివితే నేను ఓటు 'వద్దు' అనే వేస్తానని మీరు అనుకోవచ్చు. బెల్జియంలోని హెంక్ లేకపోతే అలాగే వేసేవాణ్ణి. హెంక్ బొగ్గు గనుల పట్టణం. వాటర్‌షై, వింటర్‌స్లాగ్ అని గని పేటల పేర్లతోనే రెండు క్లబ్బులు. చిన్నవేం కావు. వింటర్‌స్లాగ్ 1981లో యూరప్ పోటీ యూఈఎఫ్ఏ కప్పులో ఇంగ్లాండ్ క్లబ్బు ఆర్సెనల్‌ను ఇంటికి పంపింది, వాటర్‌షై 1983లో ఇంకో యూరప్ పోటీ కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్ ఆడింది. 1980ల చివర్లో గనులు మూతపడ్డాయి. క్లబ్బులను నిలబెట్టిన జీతాలే పోయాయి. 1988లో రెండూ కలిసి కేఆర్‌సీ హెంక్ అయింది. 1999లో బెల్జియం లీగ్ గెలిచింది. ప్రపంచస్థాయి ఆటగాళ్ళు కెవిన్ డి బ్రూయ్నా, తిబో కోర్టువా ఎదిగింది ఆ క్లబ్బు అకాడమీలోనే. అక్కడ రెండు పేటలకూ ఒకే దెబ్బ తగిలింది, ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిన భావన తక్కువ. మా రెండు క్లబ్బుల పరిస్థితి అది కాదు. మా గని మూతపడలేదు. మాకున్నది పదిహేనేళ్ళ పిల్లల కొరత, పని చేసేవాళ్ళ కొరత.

ఆ కొరత విలీనంతో తీరుతుందా? నేను కూర్చుని లెక్క వేశాను. రెండు క్లబ్బుల్లోనూ పన్నెండేళ్ళ లోపు జట్లు నిండుగా ఉన్నాయి. కలిపేస్తే మొదటి జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లలో ఒకరే ఉంటారు, రెండోవాడు గట్టు మీద కూర్చుంటాడు. ఇద్దరు కార్యదర్శుల్లో ఒకరు ఇంటికి వెళ్తారు. పిల్లల జెర్సీలు ఉతికి ఆరేసి తెచ్చే ఆవిడ, గీతలు గీసే పెద్దాయన, మ్యాచ్ రోజు గేటు దగ్గర నిలబడేవాళ్ళు, వీళ్ళంతా తమ క్లబ్బు కోసం చేస్తున్నారు. ఎవరో పెట్టిన కొత్త పేరు కోసం చేస్తారో లేదో ఎవరూ వాళ్ళను అడగలేదు. కొన్నాళ్ళకు రెండు గ్రౌండ్లలో ఒకటి అనవసరం అనిపిస్తుంది. గ్రౌండ్ ఒకసారి అమ్మితే మళ్ళీ రాదు. నడిచి వచ్చే పిల్లలను అప్పుడు ఎవరో ఒకరు కారులో దింపాలి. దింపేవాళ్ళు లేని పిల్లలు మెల్లగా మానేస్తారు. కొరత తీర్చబోయి కొరత పెంచుకున్నట్టే.

కమిటీని నేను శత్రువుగా చూడడం లేదు. సెలవు రోజులన్నీ క్లబ్బుకే ఇచ్చి అలసిపోయినవాళ్ళు సాయం అడుగుతున్నారు, అది న్యాయమైన కోరిక. కానీ దానికి చిన్న మందు ఉండగా పెద్ద కోత ఎందుకు? జర్మనీలో పిల్లలు చాలని చోట పక్కపక్క క్లబ్బులు ఆ వయసుకు ఉమ్మడి జట్టు ఒకటి పెట్టుకుంటాయి, క్లబ్బులు మాత్రం విడివిడిగానే ఉంటాయి. కోపెన్‌హేగన్‌లో 1992లో కేబీ, బీ 1903 అనే పాత క్లబ్బులు కలిసి పెద్ద జట్టు ఎఫ్‌సీ కోపెన్‌హేగన్‌ను పెట్టాయి. అయినా కింది స్థాయిలో పాత పేర్లతో ఆట ఆగలేదు. చిన్న పిల్లాడికి తన క్లబ్బు ఉంది, ఊరికి పెద్ద జట్టూ ఉంది.

నేను ఇవ్వబోయే సవరణ ఇదే. పదిహేను, పదహారేళ్ళ వయసుకు రెండు సీజన్లు ఉమ్మడి జట్టు ఆడనిద్దాం. గ్రౌండ్ గడ్డి కోసే యంత్రం, పుస్తకాల లెక్కలు, రిఫరీల ఏర్పాటు ఇద్దరికీ ఉమ్మడిగా పెట్టుకుందాం. చిన్నపిల్లల జట్లను ముట్టుకోవద్దు. రెండేళ్ళ తర్వాత కూడా కలవక తప్పదంటే, రెండు క్లబ్బుల సభ్యులూ విడివిడిగా ఓటు వేసి, రెండు చోట్లా ఒప్పుకుంటేనే కలుద్దాం. అప్పుడు కూడా పేరూ రంగులూ ఇద్దరూ కూర్చుని నిర్ణయించాలి. ఏ గ్రౌండూ పదేళ్ళు అమ్మకూడదని రాసుకోవాలి.

సమావేశం వచ్చే నెలలో. దానికి ముందు శనివారం మావాళ్ళకు పక్క క్లబ్బుతో మ్యాచ్ ఉంది. ఓటు వేసే తల్లిదండ్రులంతా ఆ రోజు ఒక్క గంట గట్టు మీద నిలబడి ఆ మ్యాచ్ చూడమని రెండు క్లబ్బుల వాట్సాప్ గ్రూపుల్లోనూ రాశాను.