కడిగిన పెట్రోలు ట్యాంకుకు వెల్డింగు పెట్టొచ్చా?

పాత స్పోర్ట్స్ కార్లున్నవాళ్ల మధ్య ఓ సలహా తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: పెట్రోలు ట్యాంకు కారుతుంటే కంగారు పడొద్దు, కొత్తది కొనొద్దు. పెట్రోలంతా తీసేసి, రెండుసార్లు నీళ్లతో తొలిపి, కారుతున్నచోట వెల్డింగు పెట్టేయండి. అది కుదరకపోతే లోపల సీలరు (చిల్లులు పూడ్చి గట్టిపడే ద్రవం) పోసి ఊపండి, జన్మలో మళ్లీ కారదు. పనయ్యాక కంప్రెసరుతో గాలి కొట్టి చూసుకోండి. ఎలాగూ ఆనాటి రేకు ముందు ఇప్పటి రేకు దిగదుడుపే.

వీటిలో మొదటిది ప్రాణాలు తీసే మాట. దాని సంగతే ముందు చూద్దాం.

"ఖాళీ చేసి కడిగేశాక ఇంకేం ప్రమాదం?" మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. నిండు ట్యాంకులో ఆవిరికీ గాలికీ చోటుండదు. ఖాళీ ట్యాంకులో రెండింటికీ కావలసినంత చోటు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే అంటుకుంటుంది. మూసి ఉన్న ట్యాంకులో అంటుకోవడమంటే పేలడమే. 50 లీటర్ల ట్యాంకులో ఆ 1.4 శాతం రావడానికి ఎంత పెట్రోలు కావాలో లెక్క కట్టి చూడండి, 4 మిల్లీలీటర్ల దగ్గర ఆగుతుంది. చిన్న చెంచాడు కూడా కాదు. ఆ కాస్తా రేకులు మడిచి అతికిన అంచులోనో, అడుగున పేరుకున్న తుప్పులోనో నిక్షేపంగా ఉండిపోతుంది. పెట్రోలు నీళ్లలో కలవదు కాబట్టి ఎన్నిసార్లు తొలిపినా నీళ్లు దాని పక్కనుంచి పోతాయంతే. వాసన రావట్లేదు కదా అంటారు. చల్లటి రేకు మీద రాకపోవచ్చు. వెల్డింగు టార్చి వేడి తగిలాక అదే తుప్పులోంచి ఆవిరి లేస్తుంది, అదీ మంట ఎదురుగా ఉండగా.

వెల్డింగు కాకపోతే టంకం పెడదామనేవాళ్లూ ఉన్నారు. టంకం 190 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కదా, ఆవిరి తనంతట తాను అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి కదా అని వాళ్ల తర్కం. కానీ టంకం కడ్డీ మొన 300 దాటే ఉంటుంది. దాన్ని వేడిచేసే మంట మాటేమిటి? ఈ పని తెలిసినవాళ్లు ట్యాంకును వేడి డిటర్జెంటు నీళ్లతోనో నీటి ఆవిరితోనో గంటల తరబడి శుభ్రం చేస్తారు, లోపలి ఆవిరిని మీటరుతో కొలుస్తారు, నైట్రోజన్ లాంటి మండని వాయువు నింపుతారు. అప్పుడుగానీ నిప్పు దగ్గరికి రానివ్వరు. ఆ సరంజామా లేకపోతే అది ఇంటి షెడ్డులో చేసే పని కాదు.

ఇక "కారుతున్నచోట" అన్న మాట. చుక్క పడేచోటే చిల్లు ఉంటుందని ఎవరు చెప్పారు? ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో 1965 నుంచి ట్యాంకును డిక్కీ అడుగుకు కింది నుంచి బోల్టులతో బిగించారు. ట్యాంకు పైభాగానికీ డిక్కీ అడుగుకూ మధ్య ఉండే ప్యాకింగు తడి పీల్చి పట్టి ఉంచుతుంది, రేకు పైనుంచి తినేస్తుంది. అలాంటి ట్యాంకొకటి నేనే దించాను. అడుగున రెండు తడి మచ్చలు తప్ప బంగారంలా ఉంది. పైన ప్యాకింగు ఊడదీసి స్క్రూడ్రైవరు మొన ఆనించానో లేదో, రేకు ఎండుటాకులా కరకరమని లోపలికి పోయింది. అడుగున మాసిక వేసి ఉంటే ఏం లాభం? నిండుగా కొట్టించిన రోజు కారి, కాస్త ఖర్చయ్యాక ఆగిపోయే ట్యాంకైతే పైభాగాన్నో, పెట్రోలు పోసే గొట్టం దగ్గరి రబ్బరు పైపునో అనుమానించాలి. గేజీ సెండరు (ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని గేజీకి తెలిపే భాగం) వాషరు, డ్రైన్ బోల్టు వాషరు కూడా చూడండి. ఒక్కోసారి ట్యాంకుది తప్పే ఉండదు.

సీలరు పూర్తిగా బూటకమని అనను. లోపల తుప్పంతా పోయి, మెరిసే రేకు మీద, సూది బెజ్జాలంత చిల్లులకైతే పనిచేస్తుంది. తుప్పు మీద పోస్తే అది తుప్పుకే అంటుకుంటుంది, రేకుకు కాదు. లోపలి అడ్డ పలకల వెనక్కి చేరిందో లేదో మనకు కనపడదు. పాత రకం సీలర్లను పెట్రోల్లో కలిపే ఇథనాల్ మెత్తబరిచి ఊడదీస్తుంది. ఊడిన పొర ట్యాంకులోంచి పెట్రోలు పీల్చే గొట్టం జాలీకి అడ్డం పడుతుంది. కారు స్టార్టవుతుంది, కొంతదూరం బాగానే పోతుంది, వేగం పెంచాక చస్తుంది. పది నిమిషాలు ఆగితే పొర కిందికి జారి మళ్లీ స్టార్టవుతుంది. పాపం, కార్బురేటరును మూడుసార్లు విప్పాకగానీ ఆ ఓనరుకు ట్యాంకు గుర్తుకురాదు.

కంప్రెసరు విషయం ఒక్క లెక్కతో తేలుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న రేకు మీద 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్ల ఒత్తిడి) పడితే మొత్తం 1,260 కిలోల బరువు పడ్డట్టు. ట్యాంకు ఉబ్బిపోతుంది, అతుకులు విచ్చుకుంటాయి. శుభ్రం చేసిన ట్యాంకుకు సైకిలు పంపుతో ఒకటి, మహా అయితే రెండు పీఎస్ఐ కొట్టి, సబ్బు నురగ రాస్తే చాలు.

ఆనాటి రేకు గొప్పదే. సీసం, తగరం కలిపిన పూత ఉండేది. ఆ పూత తినేశాక మిగిలేది మామూలు ఇనుమే, వెల్డింగు చేస్తే చుట్టుపక్కల మిగిలిన పూత కూడా మాడిపోతుంది. కొత్త ట్యాంకుల మీద ఫిర్యాదులు మాత్రం నిజమే: బోల్టు రంధ్రాలు కలవవు, గేజీ తప్పు చూపిస్తుంది. అందుకే రంగు వేయకముందే ఒకసారి బిగించి చూసుకోవాలి. రేకు అక్కడక్కడ కాక చాలాచోట్ల పలచబడితే నేను మాసికల జోలికి పోను, ట్యాంకే మారుస్తాను.

ఒక్క చిట్కా మాత్రం నిజం: సన్న చిల్లు మీద ఒంటిసబ్బు గట్టిగా రుద్దితే కాసేపు ఆగుతుంది, పెట్రోల్లో సబ్బు కరగదు. అది బండిని ఇంటికి చేర్చేంతవరకే. చేరాక బ్యాటరీ తీగ ఊడదీయండి, పెట్రోలును ప్లాస్టిక్ బకెట్లోకి కాకుండా మూత ఉన్న లోహపు డబ్బాలోకి పట్టండి. సర్వీసు గుంటలోకి మాత్రం దిగకండి, పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, అది చేరేదీ ఆ గుంటలోకే.